మంత్రివర్యులకు: నా వాలెట్‌కు బ్రాంచి లేదు

సైబర్ నేరాల నియంత్రణ బాధ్యత వహిస్తున్న గౌరవ మంత్రివర్యులకు,

బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్న తెలుగువాడిని. ఇది నా నాలుగో విన్నపం. మొదటి మూడింటికీ రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబులే లేవు.

నా క్రిప్టో వాలెట్ (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు దాచుకునే యాప్) నుంచి పంపిన సొమ్ము గంటల తరబడి ‘పెండింగ్’లోనే ఉండిపోవడంతో, కస్టమర్ కేర్ కోసం వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేయడం నా తప్పే. అవతలివాడు ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా యాస పట్టేసి, ‘మీది నెల్లూరా అన్నా? మా అమ్మమ్మవాళ్లదీ అటువైపే, కంగారు పడకండి’ అన్నాడు. కూరగాయల బేరం కూడా కన్నడంలో తడుముకుంటూ చేసే నాకు, ఆ ‘అన్నా’తోనే సగం అనుమానం పోయింది. పాల లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టుకున్న, వాలెట్‌ను తిరిగి తెరవడానికి ఇచ్చిన పన్నెండు రికవరీ మాటలను నా భార్య చదువుతుంటే, అతను పంపిన పేజీలో నేనే టైపు చేశాను. నాలుగు నిమిషాల్లో వాలెట్ ఖాళీ. ఆ మాటలు ఎవరి చేతికి చిక్కితే సొమ్ము వారిదేననీ, అసలు సంస్థ ఏదీ వాటిని అడగదనీ ఆ తర్వాత తెలిసింది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఫిర్యాదు సంఖ్య పట్టుకుని ఠాణాకు వెళ్తే, అక్కడి అధికారి ఫారంలో ఒక గడి చూపించి ‘ఈ వాలెట్ ఏ బ్యాంకుది, ఏ బ్రాంచి?’ అని అడిగారు. బ్రాంచి ఉండదండీ అంటే, మరి దేన్ని ఆపమంటారు అన్నారు. ఈ లావాదేవీలన్నీ నమోదయ్యే బ్లాక్‌చెయిన్ లెక్క ఎవరైనా చూడగలిగేదే కనుక, నా సొమ్ము దొంగ చిరునామాలో రెండు రోజులు కదలకుండా ఉండడం నేను చూస్తూనే ఉన్నాను. మూడో రోజు అందులో కొంత ఈ నాణేలు కొని అమ్ముకునే ఒక దేశీయ ఎక్స్ఛేంజీకి చేరిందని తెలిసి పరుగెత్తితే, సారు బందోబస్తుకు వెళ్లారన్నారు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, ఖాతాదారుల గుర్తింపు పత్రాలు వాటి దగ్గర ఉంటాయి. ఆ పూట ఆ ఎక్స్ఛేంజీకి ఒక్క నోటీసు పంపే నాథుడు లేకపోయాడు.

అయ్యా, 2022 ఏప్రిల్ నుంచి ఈ క్రిప్టో ఆస్తి లాభంపై 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ వసూలు చేస్తున్నారు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. పన్ను రిటర్నులో దీనికి ప్రత్యేకంగా ఒక షెడ్యూలే ఉంది. లాభం వచ్చినప్పుడు అంత స్పష్టంగా కనిపించే ఆస్తి, దొంగ ఎత్తుకుపోయేసరికి ఏ గడిలోనూ పట్టకుండా పోతుందా? దయచేసి ఆ ఫారంలో ఒక గడి వేయించండి, ఆ గడి చదివి అదే రోజు నోటీసు పంపగల మనిషిని ఒక్కరిని కూర్చోబెట్టండి.

మొన్న ఎవరో ఫోన్ చేసి, ముందుగా ఫీజు కడితే పోయిన సొమ్ము తిరిగి తెప్పిస్తామన్నారు. అదీ మోసమేనని ఈసారి గ్రహించి పెట్టేశాను. నా ఫిర్యాదు గురించి ఇంతవరకు నాకు ఫోన్ చేసింది మాత్రం అతనొక్కడే.

భవదీయుడు,
ఒక పన్ను చెల్లింపుదారు,
మారతహళ్ళి, బెంగళూరు