రోగులకు మా కృతజ్ఞత ఏ రూపంలో ఉండాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏటా సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం జరుపుకుంటున్నాం. కొన్ని దేశాల ఫిజియోథెరపీ సంఘాలు కలిసి 1951లో ఇదే తేదీన అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1996 నుంచి ఆ తేదీని మా వృత్తి దినోత్సవంగా పాటిస్తున్నాం. ఆ రోజు దగ్గరపడగానే చాలా క్లినిక్‌లు తమ రోగులకూ చుట్టుపక్కల ప్రజలకూ ధన్యవాదాలు చెబుతూ బ్యానర్లు కడతాయి, చిన్న చిన్న కానుకలు పంచుతాయి, కోలుకున్నవారిని వేదిక మీదికి పిలుస్తాయి. ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్న వ్యక్తిగా ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. కృతజ్ఞత మనసులో ఉన్నప్పుడు పైకి చెప్పడమే మంచిది. అయితే మేం రోగులకు దేనికి రుణపడి ఉన్నాం, ఆ రుణాన్ని ఎలా తీర్చుకోవాలి అన్న అసలు విషయం ఆ సందడిలో పక్కకు పోతోందని నాకు అనిపిస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

శస్త్రచికిత్స జరుగుతున్నప్పుడు రోగి మత్తులో ఉంటాడు. పనంతా సర్జన్ చేతుల్లో ఉంటుంది. మాత్ర మింగాక అది లోపల తన పని తాను చేసుకుపోతుంది. ఫిజియోథెరపీలో మాత్రం రోగి స్వయంగా కదలందే ఫలితం రాదు. వారానికి మూడు రోజులు, రోజుకో గంట చొప్పున మా దగ్గరికి వచ్చే మనిషి, వారంలోని 168 గంటల్లో మా కళ్ల ముందు ఉండేది మూడు గంటలే. మిగిలిన 165 గంటల్లో ఆయన ఎంతసేపు కూర్చున్నాడు, ఎలా లేచాడు, చెప్పిన వ్యాయామం చేశాడా లేదా అన్నదాని మీదే కోలుకోవడం చాలావరకు ఆధారపడి ఉంటుంది. మోకీలు మార్పిడి చేయించుకున్నవారినే తీసుకోండి. మంచం మీద పడుకుని, మడమను పరుపు మీద జరుపుతూ తన వైపు లాక్కుని మోకాలు వంచాలి. కుట్లు వేసిన చోట చర్మం బిగుసుకుని ఉంటుంది, వాపు ఇంకా దిగదు, తొడ కండరం మాట వినదు. మేం కోణమానిని పెట్టి కొలిచి, క్రితం వారం 70 డిగ్రీలు, ఈ వారం 80 డిగ్రీలు అని రాసుకుంటాం. మా కాగితం మీద అది ఒక అంకె మాత్రమే. ఆ పది డిగ్రీలను సంపాదించింది మా చేతులు కావు. నొప్పికి రాత్రంతా నిద్ర పట్టకపోయినా తెల్లవారి లేచి పళ్లు బిగించి మళ్లీ ఆ మడమను జరిపిన మనిషి పట్టుదల.

పక్షవాతం వచ్చిన చెయ్యి అంతకన్నా ఎక్కువ ఓర్పు కోరుతుంది. బల్ల మీద నుంచి ఒక నాణెం తీయాలంటే వేళ్లు మూసుకుంటే చాలదు, ముందు అవి తెరుచుకోవాలి. పక్షవాతం తర్వాత చాలామందికి ఆ తెరుచుకోవడమే కష్టం. భుజం పైకి ఎగదన్నుతుంది, మోచెయ్యి పక్కకు పోతుంది, దొరికిందనుకున్న నాణెం జారి కింద పడుతుంది. దాన్ని తీసి మళ్లీ బల్ల మీద పెట్టేది భార్యో, కొడుకో, కోడలో. అంతకన్నా కష్టమైన పని కూడా వాళ్లే చేస్తారు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఆయన అవస్థ పడుతుంటే, చటుక్కున వెళ్లి తామే పెట్టేయకుండా చేతులు కట్టుకుని పక్కన నిలబడతారు. ప్రేమ ఉన్నవాళ్లకు అలా నిలబడటం ఎంత కష్టమో దగ్గర్నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. వాళ్ల పేర్లు మా రికార్డుల్లో ఎక్కడా ఉండవు. ఏ క్లినిక్ అయినా కృతజ్ఞత చెప్పదలచుకుంటే ముందు వరసలో వాళ్లను కూర్చోబెట్టాలి.

మేం రోగులకు పడిన రుణంలో మరో పెద్ద భాగం ఉంది. అది బయటివారికి అంతగా తెలియదు. ఇవాళ మేం చెబుతున్న వైద్యంలో సగం రోగులే మాకు నేర్పారు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు ఒక సంఘం పెట్టుకోవడంతో అక్కడ మొదలైన ఈ వృత్తి, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల వల్లా, ఆ తర్వాత పోలియో బారిన పడిన పిల్లల వల్లా ఎదిగింది. మా పాఠ్యపుస్తకాలు మాత్రం ఇప్పటికీ మారుతూనే ఉన్నాయి, అలా మారడానికి కారణం పరిశోధనలకు తమ శరీరాలను అప్పగించిన మామూలు మనుషులు. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మంది అమెరికాలో ఒక పరిశోధనకు ఒప్పుకున్నారు. వారిలో ఒక వర్గం రెండు వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో దాదాపుగా అంతా బాగున్న చేతికి తొడుగు వేసుకుని, పడిపోయిన చేతితోనే పనులు చేసుకుంటూ గడిపారు. బాగున్న చెయ్యి పక్కనే ఉండగా దాన్ని వాడకుండా ఉండటం ఎంత చికాకో ఒక్క పూట ప్రయత్నిస్తే తెలుస్తుంది. వారి చెయ్యి మెరుగైందనీ, ఆ మెరుగు ఏడాది తర్వాత కూడా నిలిచిందనీ 2006లో ఫలితాలు వచ్చాయి. రెండో వర్గంలో ఉండి మామూలు చికిత్సతోనే సరిపెట్టుకున్నవారు లేకపోతే ఆ మాట తేల్చి చెప్పడానికి వీలయ్యేదే కాదు.

అనుకూలమైన ఫలితాలు వచ్చినవారికే రుణపడ్డామని అనుకోకూడదు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని మంచం దింపి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు కదిలిస్తే త్వరగా కోలుకుంటారని మాలో చాలామంది నమ్మేవాళ్లు. ఐదు దేశాల్లో 2,104 మంది రోగులతో జరిగిన పరిశోధన 2015లో అందుకు విరుద్ధమైన ఫలితం చూపింది: మూడు నెలల తర్వాత మంచి స్థితిలో ఉన్నవారు, తొందరగా, ఎక్కువగా కదిలించిన వర్గంలో 46 శాతం, మామూలు పద్ధతిలో చూసిన వర్గంలో 50 శాతం. నడుము నొప్పి సంగతీ అంతే. ఒకప్పుడు మంచం దిగొద్దని చెప్పేవారు. హెల్సింకీ నగర ఉద్యోగులు 186 మందిపై జరిగి 1995లో వెలువడిన అధ్యయనంలో, కొత్తగా నడుము పట్టేసినవారిలో అందరికన్నా త్వరగా కోలుకున్నది నొప్పి అనుమతించిన మేరకు రోజువారీ పనులు చేసుకున్నవారు. రెండు రోజులు మంచం మీద ఉన్నవారు వెనకబడ్డారు; ప్రత్యేక వ్యాయామాలు చేసినవారు కూడా రోజువారీ పనులు చేసుకున్నవారిని అందుకోలేకపోయారు. మా వృత్తికి కాస్త మింగుడుపడని ఫలితమే అది. అయినా ఇవాళ ఎవరైనా నడుము పట్టుకుని మా తలుపు తట్టినప్పుడు 'భయపడకండి, మంచం ఎక్కకండి, మెల్లగా తిరగండి' అని ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఆ 186 మంది చలవే.

ఇంత ఇచ్చినవారికి మేం ఏం తిరిగి ఇవ్వాలి? ముందుగా వారి గౌరవాన్ని కాపాడాలి. కోలుకున్నవారి ఫొటోలు, నడకలో వచ్చిన మార్పు చూపే వీడియోలు, వారితో చెప్పించిన మంచి మాటలు ఈ రోజుల్లో కృతజ్ఞత పేరుతోనే ప్రచారంలోకి వస్తున్నాయి. చికిత్స ఇంకా మిగిలి ఉన్న మనిషిని 'మీ వీడియో తీసుకోవచ్చా' అని అడిగితే, ఎవరి చేతుల మీద తన నడక ఆధారపడి ఉందో వారికి కాదని చెప్పడం ఎంత కష్టం! కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన అది మనసారా ఇచ్చిన అనుమతి అయిపోదు. అడగాల్సి వస్తే చికిత్స పూర్తిగా ముగిసిన తర్వాత అడగాలి, వద్దంటే ఏమీ మారదని ముందే చెప్పాలి, తర్వాత ఎప్పుడు మనసు మారినా తీసేయాలి.

సత్కారాల్లో నన్ను బాధపెట్టే అంశం మరొకటి ఉంది. వేదిక ఎక్కేది ఎప్పుడూ పూర్తిగా కోలుకున్నవారే. కర్ర పారేసి పరుగెత్తినవారికి చప్పట్లు కొడతాం. వెన్నుపాము దెబ్బతిని, కాళ్లు ఇక కదలవని తెలిసి కూడా, మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి ఎవరి సాయం లేకుండా మారడం నేర్చుకునే మనిషి సంగతేమిటి? కుర్చీని సరైన కోణంలో నిలిపి, బ్రేకులు వేసి, రెండు చేతుల మీద బరువు మోపి, నడుమును పైకి లేపి పక్కకు జరపాలి. ఆ ఒక్క కదలిక కోసం నెలల తరబడి భుజాలకు బలం పెంచుకోవాలి. ఆయన శ్రమ ఎవరికీ తీసిపోదు. కదలికలు రోజురోజుకూ తగ్గే జబ్బుతో ఉన్నవారు, ఉన్న శక్తిని నిలుపుకోవడానికే వ్యాయామం చేస్తారు. వారికి చూపించుకోవడానికి ముందు, తర్వాత అన్న ఫొటోలు ఉండవు. మా ధన్యవాదం ఫలితాన్ని బట్టి ఉంటే వీరంతా దాని బయటే ఉండిపోతారు.

రోగులకు మేం తిరిగి ఇవ్వాల్సినవాటిలో రెండోది, చికిత్సను సమయానికి ముగించడం. క్లినిక్‌కు వచ్చినవారిని బల్ల మీద పడుకోబెట్టి, కాసేపు కరెంటు పెట్టి, కాసేపు కాపడం పెట్టి, రేపు మళ్లీ రమ్మనడం సులువు. రోగులు కూడా అదే వైద్యమని అనుకుంటారు, ఎందుకంటే హాయిగా ఉంటుంది. నొప్పి తగ్గించడానికి వాటికి కొంత చోటు ఉంది, కాదనను. కానీ ఆ హాయి కండరానికి బలం ఇవ్వదు. ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలి, ఎప్పుడు పెంచాలి, ఏ నొప్పిని పట్టించుకోనక్కర్లేదు, ఏ లక్షణం కనిపిస్తే ఆగి వెంటనే డాక్టరును కలవాలి అన్నవి బొమ్మలతో సహా రాసి చేతికివ్వాలి. రోగి తన వైద్యం తాను చేసుకోగలడని తేలిన రోజున 'ఇక మీరు రానక్కర్లేదు' అని మేమే ముందుగా చెప్పాలి. క్లినిక్ ఆదాయం దృష్ట్యా అది కష్టమైన మాట అని నాకు తెలుసు. అయినా రోగి సమయానికీ, డబ్బుకూ, నమ్మకానికీ మేం ఇవ్వగలిగిన మర్యాద అంతకు మించి లేదు.

ఇక చుట్టుపక్కల ప్రజల సంగతి. మా తలుపు తట్టనివారికీ మేం చేయగలిగింది ఉంది. ప్రపంచంలో పునరావాస చికిత్స, అంటే జబ్బు లేదా గాయం తర్వాత తన పనులు తాను చేసుకోగలిగేలా చేసే చికిత్స వల్ల మేలు పొందగలిగినవారు సుమారు 240 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతమందీ క్లినిక్‌లకు రాలేరు. పెద్దవయసువారు పడిపోవడం ఇందులో మేం సులువుగా చెయ్యి వేయగలిగిన విషయం. కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో మూడు మీటర్లు వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే వారికి పడిపోయే ముప్పు ఉన్నట్టు భావించాలి. ఈ పరీక్షకు కుర్చీ, గడియారం, పక్కన ఆసరాగా నిలబడే ఒక మనిషి చాలు. న్యూజిలాండ్‌లో ఇళ్లలోనే చేసుకునేలా రూపొందించిన కాళ్ల బలం, నిలకడ వ్యాయామాలు పెద్దవారిలో పడిపోవడాన్ని 35 శాతం తగ్గించినట్టు పరిశోధనలు తేల్చాయి. తుంటి ఎముక విరిగిన తర్వాత మా దగ్గరికి వచ్చేవారిని నడిపించడం మా పనే, కానీ ఆ ఎముక విరగకుండా చూడటం అంతకన్నా మంచి పని.

అందువల్ల తోటి ఫిజియోథెరపిస్టులకు నా విన్నపం: ఈ సెప్టెంబరు 8న బ్యానర్‌తో పాటు తలుపులు కూడా తెరిచి, పెద్దవయసువారికి ఉచితంగా ఈ నడక పరీక్ష చేసి, అవసరమైనవారికి వ్యాయామాలు నేర్పి పంపుదాం, ఇంట్లో రోగిని చూసుకుంటున్నవారి కోసం, వారి నడుములు పోకుండా మనిషిని ఎలా లేపాలో చూపించే ఒక గంట కేటాయిద్దాం. మీ పత్రిక కూడా ఆ వారంలో పెద్దలు ఇంట్లో చేసుకోదగ్గ నిలకడ వ్యాయామాలను బొమ్మలతో, జాగ్రత్తలతో ప్రచురిస్తే, క్లినిక్ వరకు రాలేనివారికి అవి చేరుతాయి. అందుకు కావలసిన సమాచారం సిద్ధం చేసి ఇవ్వడానికి నాతో పాటు ఎందరో ఫిజియోథెరపిస్టులు సంతోషంగా ముందుకొస్తారు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు