కేంద్ర హోం మంత్రి గారికి: శరణార్థుల కోసం ఒక చట్టం తీసుకురండి

గౌరవనీయులైన కేంద్ర హోం మంత్రి గారికి నమస్కారం.

నేను నల్లగొండ కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలును. ఈ ఉత్తరం రాయడానికి మొదటి కారణం మా నాయనమ్మ.

1948 వానాకాలంలో రజాకార్ల దాడులకు భయపడి ఆమె కుటుంబం హుజూర్‌నగర్ వైపు పల్లె నుంచి రాత్రికి రాత్రి బండి కట్టుకొని బయలుదేరింది. చప్పుడు కాకుండా ఎడ్ల మెడల్లో గంటలు విప్పేశారట. మా ఊరు నిజాం సంస్థానం, జగ్గయ్యపేట మద్రాసు రాష్ట్రం. మధ్యలో సరిహద్దు. అవతల ఒక ఇంటివాళ్లు తమ పశువుల కొట్టంలో చోటిచ్చారు. "ఆ ఇంటామె తవ్వెడు బియ్యం తెచ్చి పెట్టింది. మీరెవలు, ఏంది అని అడగలే బిడ్డా" అని నాయనమ్మ చెప్పేది. సెప్టెంబర్ 17 తర్వాతే వాళ్లు తిరిగి ఊరికి వచ్చారు.

మా నాన్న ట్రంకు పెట్టెలో 1971 నాటి కవరు ఒకటి ఉంది. మామూలు స్టాంపు పక్కనే ఐదు పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు, దాని మీద శరణార్థుల సహాయం కోసమని ఇంగ్లిషులో అచ్చు. తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది వచ్చిపడితే, వాళ్లకు అన్నం పెట్టడానికి దేశంలో ఉత్తరాలు రాసేవాళ్లు ఐదు పైసలు అదనంగా కట్టారు. నల్లగొండలో టపా వేసినవాళ్లు కూడా కట్టారు. ఆ కవరు చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

కానీ వకీలుగా చూస్తే భయమేస్తుంది. 1959లో దలైలామాతో వచ్చిన టిబెటన్లకు, 1971లో బెంగాలీలకు, 1983 తర్వాత శ్రీలంక తమిళులకు మనం చోటిచ్చింది ఏ చట్టం ప్రకారమూ కాదు. అప్పటి ప్రభుత్వాలు ఇవ్వాలనుకున్నాయి, ఇచ్చాయి. ఐక్యరాజ్యసమితి 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు, దానికి చేర్చిన 1967 ప్రొటోకాల్ మీద కూడా చేయలేదు. 1946లో బ్రిటిష్ వాళ్లు చేసిన విదేశీయుల చట్టంతోనే దాదాపు ఎనభై ఏళ్లు నెట్టుకొచ్చాం. ఆ చట్టానికి టూరిస్టూ, స్మగ్లరూ, ప్రాణభయంతో పారిపోయి వచ్చిన తల్లీ అందరూ ఒకటే: విదేశీయులు.

2025లో మీ శాఖ దాని స్థానంలో కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం తెచ్చింది. ఆశగా చదివాను. శరణార్థి అంటే ఎవరో అందులోనూ చెప్పలేదు. పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే ఐదేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇల్లు తగలబడుతుంటే పిల్లల్ని చంకనెత్తుకొని పరుగెత్తే మనిషి వీసా ఎక్కడి నుంచి తెస్తుంది? టిబెటన్లకు, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు, పొరుగు దేశాల కొన్ని మైనారిటీలకు మినహాయింపు ఉత్తర్వు ఇచ్చారు. సంతోషం. అయితే ఉత్తర్వు ఇచ్చిన చెయ్యే దాన్ని వెనక్కి తీసుకోగలదు.

కోర్టుల్లోనూ స్పష్టత లేదు. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మా తెగవాళ్ల కేసులో వాళ్ల ప్రాణాలు కాపాడాల్సింది ప్రభుత్వమేనని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2021లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల కేసుకు వచ్చేసరికి, జీవించే హక్కు అందరిదీ అంటూనే, వెనక్కి పంపకుండా ఉండే హక్కు పౌరులకు మాత్రమే ఉన్న నివాస హక్కుతో ముడిపడిందని చెప్పింది. మాకు రెండు గంటల దూరంలో, హైదరాబాద్ బాలాపూర్‌లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు పట్టుకొని బతుకుతున్న రోహింగ్యాలకు ఆ కార్డు చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. వాళ్లకు రోజూ అదే టెన్షన్.

దేశ భద్రత మాటేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ప్రాణభయంతో వచ్చింది ఎవరో, వేరే పని మీద వచ్చింది ఎవరో తేలేది విచారణలోనే కదా. ఆ విచారణ ఎవరు చేయాలి, ఎన్నాళ్లలో ముగించాలి, అప్పీలు ఎక్కడ చేసుకోవాలి అనేవి చట్టంలో రాయండి. ప్రాణం పోతుందని తెలిసిన చోటికి ఎవరినీ పంపకూడదనీ రాయండి. మతం, దేశం చూడకుండా అందరికీ అదే కొలత ఉండాలి. 2015లో కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ లోక్‌సభలో ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ప్రతిపక్షం బిల్లు అనుకోకుండా దాన్ని ఒకసారి తెప్పించుకొని చూడండి.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లోపు ముసాయిదా విడుదల చేసి జనం అభిప్రాయాలు అడగండి. నా అభిప్రాయం రాసి పంపుతాను. మా నాయనమ్మ కథ కూడా దానికి జతచేస్తాను.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక వకీలు