రీమ్యాప్ అడిగే ముందు ఇవి చూసుకోండి – మా వైజాగ్ కస్టమర్లకి

"స్టేజ్ 2 వేస్తే ఎంత పవర్ వస్తుందండీ?" అని వాట్సాప్‌లో అడుగుతున్నారు. రీమ్యాప్ అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లో ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం; ఆ ప్రోగ్రామ్‌నే ఫైల్, మ్యాప్ అంటాం. స్టేజ్ 2 అంటే ఎగ్జాస్ట్ లాంటి పార్టులు కూడా మార్చి ఇంకా పెంచడం. మేం తిరిగి అడిగేవి రెండే: గేర్‌బాక్స్ ఏది, రోజూ ఏ పెట్రోల్ కొట్టిస్తున్నారు? ఇకపై ఈ రెండూ తేలకుండా ఈసీయూ ముట్టుకోం.

1.5 టీఎస్‌ఐ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బళ్ళ టర్బో పెట్రోల్ ఇంజిన్), డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్న వాళ్ళకి సూటిగా చెప్పేస్తున్నాం. ఇంజిన్ కంపెనీ నుంచే 250 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఇస్తోంది. దాని వెనకున్న డీక్యూ200 డ్రై క్లచ్ గేర్‌బాక్స్‌ హద్దు కూడా 250 ఎన్ఎమ్మే. పైగా కొన్ని ఫైళ్ళు అసలు టార్క్ దాచి గేర్‌బాక్స్‌కి తక్కువ చూపిస్తాయి. ఆ లెక్క నమ్మి గేర్‌బాక్స్ క్లచ్‌ని వదులుగా పట్టుకుంటుంది, ప్లేట్లు జారి కాలతాయి. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మొదట తెలిసేది ఆ కాలిన వాసనే. అందుకని ఆ బండికి మేం స్టేజ్ 2 చేయం. 178 ఎన్ఎం ఇచ్చే 1.0 టీఎస్‌ఐకి టార్క్ పెంచడానికి కాస్త జాగా ఉంది. మాన్యువల్ అయితే అయిదో గేర్‌లో పూర్తిగా తొక్కి చూడండి: స్పీడ్ పెరక్కుండా ఆర్‌పీఎం ఒక్కటే లేస్తే ముందు క్లచ్ మార్చాలి.

95 ఆక్టేన్ (పెట్రోల్ నాకింగ్‌ని, అంటే తప్పుగా మండడాన్ని, ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) మ్యాప్ వేయించుకుని 91 కొట్టిస్తే, నాక్ సెన్సార్ ఆ నాకింగ్ పట్టగానే ఈసీయూ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి లాగేస్తుంది, డబ్బిచ్చి కొన్న పవర్ పోతుంది. మన ఎండకి ఇన్‌టేక్ గాలి వేడెక్కితే ఇంకా లాగుతుంది. అందుకే జనవరి పొద్దున తీసిన లాగ్ (బండి నడుస్తుండగా రికార్డు చేసిన రీడింగులు) మేం నమ్మం. డైనో (పవర్ కొలిచే రోలర్లు) మీద మూడో గేర్, 2,000 నుంచి 6,000 ఆర్‌పీఎం దాకా ఫుల్ థ్రాటిల్ లాగ్‌లో ఏ సిలిండర్‌లోనైనా పదే పదే టైమింగ్ 4 డిగ్రీలు తగ్గుతుంటే ఆ ఫైల్ పనికిరాదు. అడిగిన బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అందకపోతే ముందు హోస్‌లకి స్మోక్ టెస్ట్ (పొగ పంపి లీకులు చూడడం) చేస్తాం. స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.6–0.7 మి.మీ.కి తెస్తాం, లేకపోతే ఎక్కువ బూస్ట్‌లో మిస్‌ఫైర్ వస్తుంది.

1,500 ఆర్‌పీఎం దగ్గరే టార్క్ కుమ్మరించే ఫైల్ అడగొద్దు. స్పార్క్ పడకముందే మిశ్రమం మండి పిస్టన్ పగలొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ఈ ముప్పు తగ్గాలంటే ఇంజిన్ ఆయిల్ ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్‌దే వాడండి.

ట్యూనింగ్ బాక్స్ (సెన్సార్ వైర్ల మధ్య తగిలించే డబ్బా) చవకే, కానీ సెన్సార్‌ని మభ్యపెట్టడం తప్ప చాలా వాటికి టైమింగ్ చేతిలో ఉండదు. స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది తీసేసి పెట్టే వేరే ఈసీయూ) ట్రాక్ బండికి, రోడ్డు బండికి కాదు. దాంతో మీటర్, ఏబీఎస్, గేర్‌బాక్స్ మాట్లాడుకోవడమే పెద్ద పని.

ఫ్లాష్ చేసేటప్పుడు (ఈసీయూలో కొత్త ఫైల్ ఎక్కించేటప్పుడు) వోల్టేజ్ పడితే ఈసీయూ చచ్చిపోవచ్చు, కాబట్టి బ్యాటరీకి సపోర్ట్ యూనిట్ పెట్టి 13 వోల్ట్‌ల పైన ఉంచుతాం. ఒరిజినల్ ఫైల్ మీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. షోరూమ్ అప్‌డేట్ చేస్తే మ్యాప్ చెరిగిపోవచ్చు. ఇంజిన్ వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

టెస్ట్‌కి వచ్చేటప్పుడు ట్యాంక్‌లో రోజూ కొట్టించే పెట్రోలే, సగానికి తగ్గకుండా ఉండాలి. పరీక్ష కోసమని ప్రీమియం పోయించి తేవద్దు.