మామ్మ మందుల సంచి

చిరంజీవి కన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. కందిపొడి, గోంగూర పచ్చడి కొరియర్ చేశాను. అందితే ఒక్క మాట చెప్పు. ఫోను ఎత్తవు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. మొన్న శ్రీను నీ గదిలో పడుకున్నప్పుడు దిండు పక్కన నిద్రమాత్రలు చూశాడట. పిన్ని చెప్పింది. సరే, ఆ సంగతి తర్వాత.

మామ్మ బాత్‌రూమ్‌లో పడింది కదా, ఎముక విరగలేదు. కొత్త డాక్టరమ్మ గారు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదం, కంటి చుక్కలు, షాపులో అడిగి కొన్నవి కూడా సంచిలో వేసుకుని రమ్మన్నారు. నాన్న సంచి నిండా పట్టుకెళ్లారు. నర్సమ్మాయి అన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పటినుంచి, నిజంగా వేసుకుంటున్నారా అని ఓపిగ్గా అడిగింది. రెండు డబ్బాల మీద రెండు పేర్లు, లోపల రెండూ టెల్మిసార్టన్ అనే ఒకే బి.పి. మందే! ఒకటి గుండె డాక్టరు రాసింది, ఇంకొకటి షుగర్ డాక్టరు రాసింది. తర్వాత మామ్మకి పడుకోబెట్టి బి.పి. చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకి చూసింది. పై అంకె 20 కంటే ఎక్కువే పడిపోయింది.

అప్పుడు డాక్టరమ్మ గారు వరసగా చెప్పుకొచ్చారు. బి.పి.కి వేసే అమ్లోడిపిన్ వల్ల పాదాలు వాచాయి. వాపు చూసి ఇంకొకరు నీరు తీసే మాత్ర రాశారు. దాంతో రాత్రిళ్లు బాత్‌రూమ్‌కి లేవడం. నిద్ర చెడుతోందని అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర. ఆ మత్తులో లేస్తే బి.పి. పడిపోయి తూలడం. ఒక మందు చేసినదాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు! మోకాళ్లకి మామ్మ కొనుక్కునే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్, టెల్మిసార్టన్‌కీ, నీటి మాత్రకీ తోడైతే కిడ్నీలకి ముప్పట. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించారు. నొప్పి మాత్ర, రెండో టెల్మిసార్టన్ ఆ రోజే ఆపారు. మిగతావి ఒకటి తగ్గించి, చూసి, ఆ తర్వాతే ఇంకొకటి. ఇప్పుడు పాదాల వాపు తగ్గింది, నీటి మాత్ర కూడా పోయింది.

అల్ప్రాజోలం మాత్రం ఒక్కసారిగా మానకూడదట. రోజూ వేసుకునేవాళ్లు హఠాత్తుగా ఆపితే వణుకు, గాభరా, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. నువ్వు ఇది చదివి కంగారుపడి ఇవాళే పారేస్తావేమోనని రాస్తున్నాను. అలా చెయ్యకు.

అమెరికాలో బీర్స్ అనే డాక్టరు 1991లోనే పెద్దవాళ్లకి తగని మందుల జాబితా ఒకటి రూపొందించారట. దాన్ని 2023లో కూడా సవరించారు. ఈ నిద్రమాత్రల రకం అందులో ఉంది. అది ముసలివాళ్ల మాట కదా అంటావు. వయసులో ఉన్నవాళ్లకీ అలవాటవుతుంది నాన్నా. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మరి నీకెవరు రాశారు? ఎందుకు రాశారు? ఎప్పటినుంచి? ఆఫీసు టెన్షనా? ఆ మాత్ర వేసుకున్న రోజు స్నేహితులతో తాగుడు జోలికి పోకు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. సాయంత్రం అయిదు దాటాక కాఫీ మానెయ్యి. పడుకునే ముందు ఫోను అవతల పెట్టు. రాత్రి పెరుగన్నమైనా తిను, ఖాళీ కడుపుతో నిద్ర ఎలా పడుతుంది?

పండక్కి వచ్చేటప్పుడు ఆ మాత్రలు, చీటీ ఉంటే చీటీ తీసుకురా. నిన్ను తిట్టను. నాన్నకి ఇంకా చెప్పలేదు. డాక్టరమ్మ గారు మంగళవారం సాయంత్రాలు చూస్తారు, నీ పేరు కూడా రాయిస్తాను. తొమ్మిది దాటాక ఫోను చెయ్యి, అప్పటికి మామ్మ పడుకుంటుంది, నేను వంటింట్లో ఒక్కదాన్నే ఉంటాను.

మీ అమ్మ