ఏం పని చేస్తావమ్మా అని అడగండి

సంపాదకులకు,

మా అమ్మ గుంటూరు మిర్చి యార్డు దగ్గర 15 ఏళ్లుగా కాయల తొడిమలు తీస్తోంది. తేమ తగిలిన టిక్కీ (మిర్చి బస్తా) విప్పితే తాలు కాయల లోపల బూడిదరంగు బూజు ఉంటుంది. కాయ విరవగానే పొగలా లేస్తుంది. అలాంటి సరుకు వచ్చిన రోజు సాయంత్రానికల్లా అమ్మకు జ్వరం, వణుకు, పొడిదగ్గు, ఆయాసం. పని లేని రోజుల్లో తేలికపడేది. ఏడాదిన్నర పాటు ఆస్తమా మందులు వాడాం, క్షయ అనుమానంతో మూడుసార్లు తెమడ పరీక్ష చేయించాం. ఏం పని చేస్తావమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు.

చివరికి ఒక వైద్యురాలు అడిగారు. జబ్బు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని తేలింది. బూజు, పావురాల రెట్ట ధూళి వంటివి పీల్చినప్పుడు కొందరి శరీరం అతిగా స్పందించి ఊపిరితిత్తులు వాస్తాయి. లక్షణాలు 4 నుంచి 8 గంటల తర్వాత గానీ బయటపడవు కనుక కారణం పసిగట్టడం కష్టం. మామూలు ఎక్స్‌రేలో ఒక్కోసారి ఏమీ కనిపించదు. ఊపిరితిత్తులను మరింత వివరంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్, శ్వాస పరీక్ష అవసరమవుతాయి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఆ నష్టం పూడదు. బూజు పట్టిన మిరపతో వచ్చే రకానికి వైద్య గ్రంథాల్లో ప్రత్యేకంగా పేరే ఉంది. మిర్చికి పుట్టినిల్లు లాంటి గుంటూరులో దాన్ని గుర్తించడానికి ఇంతకాలం పట్టాలా?

రోగిని వృత్తి అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు. మన ఓపీ చీటీల్లో వృత్తి రాసే గడి పెట్టండి. తొడిమలు తీసే ఆడవాళ్లకు ఏటా శ్వాస పరీక్ష చేయించండి, ఎన్‌95 మాస్కులు ఇవ్వండి. ముక్కుకు అడ్డం పెట్టుకునే చీర కొంగు ఆ ధూళిని ఆపదు.

– ఒక పాఠకురాలు, గుంటూరు