నిశానీ ఉన్న ఆ కాగితం గురించి

చిన్నీ,

నువ్వు పంపిన ఆ నవల రెండు రాత్రుల్లో పూర్తి చేశాను, లైటు ఆర్పమని అమ్మ ఎన్నిసార్లు కేకేసినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. డీఎన్ఏ పరీక్షకని ఉమ్ము ట్యూబులో పోసి పంపిన అమ్మాయికి కొన్ని వారాలకే ఈమెయిల్ రావడం, కన్నతల్లి ఎవరో ఒక్క రాత్రిలో తేలిపోవడం, ఆ తర్వాత ఆ పరుగులు... కథగా బాగుంది. కానీ దాంతో పాటు "నేను కూడా కిట్ ఆర్డర్ పెట్టాను నాన్నా" అని ఒక్క లైను రాశావు చూడు, అక్కడ నా గుండె ఆగినంత పనైంది.

వద్దనడానికి రాయడం లేదు. చేయించుకో. కాకపోతే మన దగ్గర అది నవల్లో జరిగినట్టు జరగదు తల్లీ. నీ కన్నతల్లి శాంపిల్ కూడా ఆ టెస్టు కంపెనీ డేటాబేసులో ఉంటే పొరపాటుకు తావే లేదు, ఆమె డీఎన్ఏలో సగం నీలో ఉంటుంది కాబట్టి దాదాపు 3,400 సెంటీమోర్గాన్లు (ఇద్దరి డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలుస్తాయి. ఆమె అక్కడ ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ డేటాబేసుల్లో ఎక్కువ మంది అమెరికా, యూరప్ వాళ్లే, మనవాళ్లు ఉంటే గింటే అక్కడికి చదువుకో ఉద్యోగానికో వచ్చినవాళ్లు. పైగా మనలో మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు తరతరాలుగా ఉన్నాయి కదా, ఒకే వంశం రెండు మూడు వైపుల నుంచి వచ్చి కలవడంతో ఎక్కడో దూరపు చుట్టం కూడా ఆ లెక్కల్లో దగ్గరి కజిన్‌లా కనిపిస్తాడు. అలాంటి మ్యాచ్ ఒకటి చూసి ఎవరికో మెసేజ్ పెట్టేసి, ఒక కుటుంబంలో నిప్పు పెట్టినట్టు కాకూడదు.

మన దేశంలో దత్తత వెళ్లిన పిల్లలు కన్నవాళ్లను వెతుక్కోవడానికి వేరే దారి ఉంది, రూట్ సెర్చ్ అంటారు. పద్దెనిమిదేళ్లు దాటాయి కాబట్టి దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా'కి నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా వివరాలు ఎవరికీ చెప్పొద్దని నీ కన్నతల్లి నిన్ను అప్పగించిన రోజే అడిగి ఉంటే మాత్రం ఆమె ఒప్పుకోనిదే చెప్పరు. నాకు ఈ రూలు నచ్చింది. నవల మొత్తంలో ఆ తల్లిని ఒక్కరైనా అడిగారా, నీకిష్టమేనా అని?

ఇక నీకు ఇన్నేళ్లూ చెప్పని సంగతి. బీరువాలో పాస్‌బుక్కుల కింద ఒక కార్బన్ కాపీ ఉంది, నిన్ను అప్పగించేటప్పుడు రాసిచ్చిన కాగితం. పేరు కనపడకుండా కొట్టేశారు. కింద ఊదారంగు ఇంకులో వేలిముద్ర, పక్కన 'నిశానీ' అని ఎవరో రాశారు. వేలు ఒకసారి జారినట్టుంది, గీతలన్నీ అలికినట్టయ్యాయి, దాని పక్కనే మళ్లీ గట్టిగా అద్దిన ముద్ర ఇంకొకటి. ఊరి పేరు కొట్టేయడం మర్చిపోయారు. 2009లో నేనొక్కడినే ఆ ఊరి బస్టాండు దాకా వెళ్లాను, టీ తాగి, ఎవరినీ ఏమీ అడక్కుండా తిరిగొచ్చేశాను. నువ్వు మాకు దూరమైపోతావేమోనన్న భయం. అమ్మకు కూడా మొన్ననే చెప్పాను. నీ దగ్గర దాచడం నా తప్పు, క్షమించు తల్లీ.

డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఆ కాగితం నీ చేతికిస్తాను, అది నీది. ముందు కారా ద్వారానే ఆమెకు కబురు పెట్టిద్దాం. రమ్మంటే ముగ్గురం వెళ్దాం. ఆమెకు ఏ చీర పెట్టాలా అని అమ్మ అప్పుడే బీరువా ముందు కూర్చుంది.

నాన్న