ఆక్సిజన్ ఛాంబర్ల ప్యాకేజీలపై నిఘా ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్లు మా శ్రీకాకుళం పల్లెల్లో ఇంకా ఉన్నారు. అంగిలి క్యాన్సర్ మాకు కొత్త కాదు. మా పెద్దమ్మకూ అదే వచ్చింది. రేడియేషన్ సగంలో ఉండగా ఓ ప్రైవేటు సెంటర్ నుంచి ఫోన్: ‘మా ఆక్సిజన్ ఛాంబర్‌లో కూర్చుంటే రేడియేషన్ డబుల్ పనిచేస్తుంది, సిటింగుల ప్యాకేజీ ఉంది’ అని. అన్నయ్య అప్పటికప్పుడు వదిన గొలుసు తాకట్టుకు సిద్ధమైపోయాడు.

చిక్కేమిటంటే, ఇది పూర్తిగా అబద్ధమూ కాదు. ఆక్సిజన్ సరిగా అందని కణితి రేడియేషన్‌కు ఒక పట్టాన లొంగదు. అందుకే 1955లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి డాక్టర్లు అధిక పీడనంతో ఆక్సిజన్ నింపిన ఛాంబర్‌లో రోగిని పడుకోబెట్టి, లోపల ఉండగానే రేడియేషన్ ఇచ్చారు. తర్వాతి కాలంలో, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష ఇలాంటి 19 ట్రయల్స్‌ను పరిశీలించింది. తల, మెడ క్యాన్సర్లలో కణితి తిరగబెట్టడం, మరణాలు తగ్గాయంది. అయితే ఫిట్స్, రేడియేషన్ వల్ల మంచి కండకు జరిగే హాని పెరిగాయని కూడా అదే చెప్పింది. పైగా వాటిలో చాలావరకు తక్కువ సిటింగుల్లో పెద్ద డోసులు ఇచ్చిన పాత పద్ధతులే. ఇప్పుడు ఆరేడు వారాలపాటు కొద్దికొద్దిగా ఇస్తున్నారు.

మన దగ్గర ముఖానికి మాస్క్ బిగించి రేడియేషన్ ఇచ్చేది ఒక ఆసుపత్రిలో. ఆక్సిజన్ సిటింగేమో ఊరికి ఇంకో చివర, ఇంకో పూట. ఒంట్లో పెరిగిన ఆ ఆక్సిజన్, ఆటో దిగేదాకా ఆగుతుందా?

‘రేడియేషన్ తగిలిన దవడ ఎముక పాడవకుండా’ అని ఇంకో ప్యాకేజీ అమ్ముతున్నారు. రేడియేషన్ అయ్యాక పన్ను తీయించుకునేవాళ్లు, కట్టుడు పన్ను కోసం ఇంప్లాంట్ పెట్టించుకునేవాళ్లపై బ్రిటన్‌లో జరిగిన ‘హోపాన్’ అనే ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. ఛాంబర్‌కు వెళ్లినవాళ్లలో 6.4 శాతం మందికి, వెళ్లనివాళ్లలో 5.7 శాతం మందికి ఎముక పాడైంది. ఇక లాభమెక్కడ?

క్యాన్సర్ డాక్టర్ చీటీ లేనిదే ఈ రోగులను ఛాంబర్ ఎక్కించకూడదని ఆరోగ్యశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఏ జబ్బుకు రుజువుందో, సిటింగ్ ఎంతో గోడమీద తెలుగులో రాయించాలి. ఆక్సిజన్ నిండిన చోట నిప్పు భయం సంగతి సరేసరి. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో ఛాంబర్‌లో మంటలు లేచి అయిదేళ్ల బాబు చనిపోయాడు. మన జిల్లాల్లో ఇలాంటి ఛాంబర్లు ఎన్ని నడుస్తున్నాయో, వాటిలో అగ్నిమాపక శాఖ అనుమతి ఎన్నింటికి ఉందో జిల్లా వైద్యాధికారులు మీ పత్రిక ద్వారానే చెప్పాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, టెక్కలి